ముక్కుల కమాను: ఇఫ్లీ చర్చి ద్వారం వెంట తొమ్మిది నెలల రాతిపని

జనవరి 12

ఆక్స్‌ఫర్డ్ నగరానికి ఆగ్నేయంగా, థేమ్స్ నది ఒడ్డున ఇఫ్లీ అనే చోట సెయింట్ మేరీ చర్చి ఉంది. ఒకప్పుడు అది విడిగా ఒక పల్లె, ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. 1160ల ప్రాంతంలో సెయింట్ రెమీ కుటుంబం కట్టించిన ఈ చర్చి పెద్దది కాదు. జనం కూర్చునే మధ్యశాల, దాని తూర్పున చతురస్రపు గోపురం, ఆ గోపురానికి అవతల పూజావేదిక ఉండే గది, అంతా ఒకే వరుసలో సాగే సన్నటి పొడవాటి కట్టడం. పక్కశాలలు లేవు, శిలువలోలాగా రెండు పక్కలా అడ్డంగా చాచిన భాగాలూ లేవు. ఇంత చిన్న పల్లె చర్చికి ఇంత చెక్కడం ఎందుకు చేయించారన్న ఆశ్చర్యం మొదటిసారి చూసిన ఎవరికైనా కలుగుతుంది.

ఆ చెక్కడంలో నన్ను పట్టుకున్నది పడమటి ద్వారం. దాని అర్ధవృత్తపు కమాను లోపలికి మెట్లుమెట్లుగా దిగుతుంది. ఒక వరుసలో వంకీలు తిరిగిన గీతల అల్లిక ఉంటే, రెండు వరుసల్లో వింత తలలు ఉన్నాయి. ప్రతి తలకూ పొడుగాటి ముక్కు ఉంది, ఆ ముక్కు కింద నడిచే గుండ్రటి రాతి కడ్డీని కొరుకుతున్నట్టు వంగి ఉంటుంది. ఇంగ్లండులో ఈ అలంకారాన్ని బీక్‌హెడ్ అంటారు. ఇక్కడి విశేషం ఏమిటంటే కమానుకూ స్తంభాలకూ మధ్య బోదెలు, అంటే స్తంభం తల మీద ఉండే దిమ్మలు, లేవు. తలల వరుస కమాను మీదుగా దిగి, అలాగే రెండు పక్కలా నేలదాకా వచ్చేస్తుంది.

ఇన్నాళ్లూ ఫొటోలు తీసుకుని ఇంటికి వెళ్లిపోయేవాణ్ణి. ఈ ఏడాది అలాంటి ముక్కుల కమానును ఒకదాన్ని నా చేతులతో, మోకాలెత్తులో, నిజమైన సున్నపురాతిలో చెక్కి పెరట్లో నిలబెట్టాలని నిర్ణయించుకున్నాను. రాతిపనిలో నా అనుభవం ఒక సాయంకాలపు శిక్షణ తరగతిలో రెండేళ్లు మాత్రమే. ఉద్యోగానికి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి కనుక చేతులకు ఇది కొత్త.

జనవరి 25

చర్చి వారిని ముందుగా అడిగి, కొలతల కోసం ఒక ఉదయమంతా ద్వారం ముందు గడిపాను. ఒక్కటే షరతు, రాతిని తాకకూడదు. అది న్యాయమైన షరతే. ఇంగ్లండు చర్చిలో పాత రాతికి అచ్చు తీయడం లాంటి పనులకు సాధారణంగా చర్చి వ్యవస్థలోని న్యాయస్థానం నుంచి ఫ్యాకల్టీ అనే ప్రత్యేక అనుమతి పొందాలి. ఇఫ్లీ చర్చి వారసత్వ కట్టడాల జాబితాలో మొదటి శ్రేణిలో ఉన్నది కనుక మరింత జాగ్రత్త అవసరం. అందువల్ల కొలబద్దను నేల మీద పరిచి, దానితో కలిపి వేరువేరు కోణాల్లో 140 ఫొటోలు తీశాను. వాటిని కలిపి త్రిమితీయ నమూనా తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ మిగిలిన పని చేసింది.

కెమెరా కన్నా కళ్లు ఎక్కువ పనిచేసిన ఉదయం అది. తలలన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయనుకున్నాను, ఉండవు. కొన్ని పక్షులు, కొన్ని మృగాలు, ఒకటి రెండు మనిషి ముఖానికి దగ్గరగా ఉన్నాయి. అన్నిటి పైన కమాను చుట్టూ ఉన్న అంచుపట్టీలో గుండ్రటి బిళ్లల్లో రాశిచక్రపు గుర్తులు, నాలుగు సువార్తల రచయితల చిహ్నాలు చెక్కారు. మత్తయికి రెక్కల మనిషి, మార్కుకు సింహం, లూకాకు ఎద్దు, యోహానుకు గద్ద. మన పంచాంగపు బొమ్మలు చర్చి గుమ్మం మీద కనిపించడం నాకు ప్రతిసారీ చిన్న ముచ్చట.

పడమటి ముఖమంతా 12వ శతాబ్దానిదే అనుకుంటే పొరపాటు. ద్వారం పైనున్న గుండ్రటి కిటికీ 1856లో బక్లర్ అనే వాస్తుశిల్పి పునరుద్ధరించినది. 15వ శతాబ్దంలో ఆ చోట పెద్ద కిటికీ ఒకటి పెట్టారు. దాని చుట్టూ పాత వృత్తపు ఆనవాళ్లు గోడలో మిగిలి ఉండబట్టి ఆయన దాన్ని తిరిగి గుండ్రం చేయగలిగాడు. ఆ పని చేయడానికి 15వ శతాబ్దపు కిటికీని తీసేయవలసి వచ్చింది. ఈ రోజుల్లో అనుమతి దొరకడం కష్టమే. నా మట్టుకు నాకు ఆ వృత్తం ఉండడమే బాగుంది, కానీ అలా అనడం సులువని కూడా తెలుసు.

ఫిబ్రవరి 9

కాగితం మీది లెక్క పూర్తయింది. లోపలి వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు, బయటి వ్యాసార్ధం 48 సెంటీమీటర్లు, రాతి మందం 15 సెంటీమీటర్లు. అర్ధవృత్తాన్ని 9 రాళ్లుగా విడగొడితే ఒక్కో రాయికి 20 డిగ్రీలు వస్తుంది. ఒక్కో రాయి లోపలి వైపు సుమారు 10.4 సెంటీమీటర్లు, బయటి వైపు సుమారు 16.7 సెంటీమీటర్లు వెడల్పు ఉంటుంది. ఘనపరిమాణాన్ని రాతి సాంద్రతతో హెచ్చిస్తే ఒక్కోటి 7.7 కిలోలు తేలింది, మొత్తం కమాను 70 కిలోలకు కొంచెం తక్కువ. ఒక్కణ్ణే ఎత్తి పెట్టుకోగల బరువు కావాలన్నదే ఈ కొలతల వెనక ఉన్న అసలు కారణం.

కమాను రాయికి ఒకే ఆకారపు మూస చాలు. జింకు రేకును కత్తిరించి రెండు మూసలు చేసుకున్నాను, ఒకటి ముందు ముఖానికి, ఒకటి పక్క నుంచి చూసినప్పుడు కనిపించే కడ్డీ వంపుకు. మధ్యయుగపు మేస్త్రీలు కూడా ఇలాంటి మూసలనే పలుచని చెక్కతో చేసి పనివాళ్లకు ఇచ్చేవారు.

ఫిబ్రవరి 22

రెడింగ్ పట్టణపు మ్యూజియంకు వెళ్లివచ్చాను. మొదటి హెన్రీ రాజు 1121లో అక్కడ పెద్ద మఠం ఒకటి స్థాపించాడు. 16వ శతాబ్దంలో ఎనిమిదవ హెన్రీ మఠాలన్నిటినీ రద్దు చేసినప్పుడు దాన్ని కూల్చేశారు. శిథిలాల్లో దొరికిన చెక్కడపు రాళ్లు ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి, వాటిలో బీక్‌హెడ్‌లు కూడా ఉన్నాయి. ఇంగ్లండులో ఈ అలంకారపు తొలి ఉదాహరణల్లో వీటిని లెక్కిస్తారు. రెడింగ్ నుంచి ఆక్స్‌ఫర్డ్‌షైర్ చర్చిలకూ, అటు ఉత్తరాన యార్క్‌షైర్‌కూ ఈ ముక్కులు పాకి, 12వ శతాబ్దం ముగిసేలోగా మోజు తీరి మాయమయ్యాయి. ఇఫ్లీ ద్వారం ఆ మోజు చివరి దశలోది.

చర్చి గోడలో ఉన్న రాయికి ముఖం మాత్రమే కనిపిస్తుంది. మ్యూజియంలో విడిగా ఉన్న రాయికి ఒళ్లంతా కనిపిస్తుంది. నాకు కావలసింది సరిగ్గా అదే. ఒక రాయి, ఒక తల. తల రాతి అతుకు దాటి పక్క రాయిలోకి పోదు, ముక్కు కొస కూడా తన రాయిలోనే ముగుస్తుంది. అంటే కమాను ఎక్కించక ముందే, నేల మీద, బల్ల దగ్గర, ఒక్కో మనిషి ఒక్కో రాయి ముందు కూర్చుని పని పూర్తిచేసేవాడన్నమాట. నేను పక్షుల్ని చూస్తూ వచ్చాను, చూడవలసినవి అతుకులు.

మార్చి 9

రాళ్లు వచ్చాయి. బాత్ పట్టణం దగ్గర తవ్వే సున్నపురాయి ఇది, తేనె రంగు, జురాసిక్ కాలపు సముద్రంలో గుండ్రటి సున్నపు రేణువులు పేరుకుని గట్టిపడినది. దగ్గరగా చూస్తే చేపగుడ్లు అతికించినట్టు ఉంటుంది. గనిలోంచి వచ్చిన కొత్తలో తేమ ఉండి మెత్తగా తెగుతుంది, ఆరినకొద్దీ పైపొర గట్టిపడుతుంది. ఇక్కడి సున్నపురాళ్లన్నీ ఇలా మంచివి కావు. 1390ల్లో ఆక్స్‌ఫర్డ్ న్యూ కాలేజీ గంటల గోపురంతో వాడుకలోకి వచ్చిన హెడింగ్టన్ మెత్తరాయి తర్వాతి శతాబ్దాల్లో కాలేజీల గోడలంతా వ్యాపించి, బొగ్గుపొగకు పొక్కులు లేచి రాలిపోయింది. 20వ శతాబ్దంలో ఆ గోడల ముఖాలు చాలా వరకు మార్చవలసి వచ్చింది. ఇఫ్లీని అంతకుముందే కట్టారు కనుక ఆ రాయి బెడద తప్పింది.

రాత్రి మాచర్లలో ఉన్న మా మేనమామకు ఫోన్ చేశాను. ఆయన వయసులో ఉండగా నాపరాళ్ల గనిలో పనిచేశాడు. ఆయన ఊరికి దగ్గర్లోని దుర్గి శిల్పులు కూడా సున్నపురాతినే చెక్కుతారు. అమరావతి స్తూపపు పలకలు సైతం పలనాటి సున్నపురాయే. నేను గొప్పగా రాయి గురించి చెప్పబోతుంటే ఆయన మధ్యలోనే అడ్డుకున్నాడు.

"ఒరే, రాయి భూమిలో ఎట్టా పడుకోనుందో చూసుకున్నావా, లేకుండానే ఉలి పెడతన్నావా?"

"ఈ రాయిలో పొర కనపడదు మామయ్యా, మన నాపరాయి లాగా విడిపోదు."

"కనపడకపోతే లేదనుకోమాక. నీళ్లు పోసి చూడు, ఆరేటప్పుడు అదే చెప్పుద్ది."

నీళ్లు పోసి చూశాను. ఆరుతున్నప్పుడు సన్నటి గీతలు తేలాయి, గవ్వముక్కలన్నీ ఒకే వైపు బల్లపరుపుగా పడుకుని ఉన్నాయి. గోడలో రాయిని ఆ పొరలు నేలకు సమాంతరంగా ఉండేటట్టు పెడతారు. కమానులో అలా కుదరదు. అక్కడ బరువు వంపు వెంట ప్రయాణించి ఒక రాయి నుంచి మరో రాయిలోకి దిగుతుంది కనుక, పొరలు రాళ్ల మధ్య అతుకులకు సమాంతరంగా ఉండాలి. తొమ్మిది రాళ్ల మీదా పొర దిశను పెన్సిలుతో గుర్తు పెట్టాను.

మార్చి 30

మూడు వారాలుగా చేసినదంతా చదును చేయడమే. ఇందులో చెప్పుకోదగిన అందమేమీ లేదు, అయినా ఇక్కడ తప్పితే మిగతాదంతా తప్పుతుంది. రాతి ముఖం మీద రెండు కొసల్లో సమాన ఎత్తున్న రెండు చెక్కపట్టీలు నిలబెట్టి, ఒక కన్ను మూసి, ముందు పట్టీ అంచు మీదుగా వెనక పట్టీ అంచును చూడాలి. రెండు అంచులూ ఒకే గీతలో కలిస్తే ముఖం మెలిక లేకుండా ఉన్నట్టు. కలవకపోతే మొనఉలితో గాట్లు పెట్టి, పళ్ల ఉలితో దువ్వి, చివరికి వెడల్పు ఉలితో సాఫు చేయాలి. కొడతి, అంటే చెక్క సుత్తి, దెబ్బ బలంగా ఉండనక్కర్లేదు, ఒకే లయలో ఉండాలి. ఆ లయ కుదరడానికి నాకు రెండో రాయి దాకా పట్టింది.

మొదటి రాయి చదునుకే 14 గంటలు గడిచాయి.

ఏప్రిల్ 19

తల మొదలుపెట్టాను. ముందు కడ్డీ చేయాలి. లోపలి అంచు వెంట చతురస్రంగా ఉన్న భాగాన్ని మూలలు కొట్టి ఎనిమిది పలకలుగా, తర్వాత పదహారు పలకలుగా, ఆ తర్వాత గుండ్రంగా మార్చాలి. అయితే ముక్కు ఆ కడ్డీ మీద పడుకుని ఉంటుంది కనుక దాని కోసం ముందు వైపు 3 సెంటీమీటర్ల మందం ఒక దిబ్బలాగా వదిలేసి, చుట్టూ ఉన్న రాతినంతా అంత లోతుకు దించాలి. రాయిలో దాదాపు ఐదో వంతు పొడిగా నేలపాలు అవుతుంది. అలంకారం అతికించింది కాదని, మిగిల్చినదని ఆ పొడి ఊడుస్తున్నప్పుడు తెలిసింది.

పనిముట్ల విషయంలో నాకూ వాళ్లకూ తేడా ఉంది. నార్మన్ కాలపు, అంటే ఇఫ్లీ చర్చి కట్టిన నాటి, రాళ్ల మీద ఏటవాలుగా కనిపించే గీతలు గొడ్డలివి. రాతిగొడ్డలితోనే ముఖాలు చదును చేసేవారు. 1174లో కాంటర్బరీ కెథెడ్రల్ పూజాశాల కాలిపోయి తిరిగి కట్టినప్పుడు, దాన్ని కళ్లారా చూసిన గెర్వేస్ అనే సన్యాసి పాత పనికీ కొత్త పనికీ తేడాలు చెబుతూ, పాతదాన్ని గొడ్డలితో చెక్కారని, కొత్తదాన్ని ఉలితో చెక్కారని రాశాడు. ఇఫ్లీ ద్వారం సరిగ్గా ఆ మార్పుకు ముందటి దశాబ్దాలది. రాతిగొడ్డలి నేనూ ఒక గంట పట్టి చూశాను. తరగతిలో గురువుగారు దూరంగా జరిగి నిలబడ్డారు, ఆయన జాగ్రత్త సమంజసమేనని రెండో దెబ్బకు రుజువైంది.

కళ్లు పెట్టడం అన్నిటికన్నా సులువు. బాదంగింజ ఆకారంలో గీసి, చుట్టూ సన్నటి గాడి తవ్వితే చాలు, రాయి చూడడం మొదలుపెడుతుంది. మొదటి తల బాతులా వచ్చింది.

మే 10

మూడో రాయి ముక్కు విరిగింది. తప్పు పూర్తిగా నాదే. ముక్కు నిజమైన పక్షి ముక్కులా కనిపించాలన్న ఆశతో దాని కొస కింద కడ్డీకీ ముక్కుకీ మధ్య సందు చేయబోయాను. సన్న ఉలి, చిన్న దెబ్బ, అయినా కొస రెండు సెంటీమీటర్లు టక్కున ఊడి బల్ల కింద పడింది.

మర్నాడు ఉదయమే ఇఫ్లీకి వెళ్లి, ఈసారి ముక్కుల కిందే చూశాను. ఎక్కడా సందు లేదు. మొదలు నుంచి కొస దాకా ప్రతి ముక్కూ కడ్డీకి అతుక్కునే ఉంది, గాలిలో వేలాడే అంగుళం లేదు. నేను ఇన్నాళ్లూ ఆ పక్షులు కడ్డీని కొరుకుతున్నాయని, అందులో ఏదో భయం గొలిపే భావం ఉందని అనుకుంటూ వచ్చాను. భావం ఉంటే ఉండవచ్చు. ముక్కును కాపాడేది మాత్రం ఆ కొరుకుడే. కడ్డీ మీద వాలి ఉండబట్టే ఎనిమిది శతాబ్దాల పైచిలుకు వానకూ మంచుకూ ఇన్ని ముక్కులు నిలిచాయి. బొమ్మ గీసినవాడికి రాయి ఎక్కడ విరుగుతుందో ముందే తెలుసు.

విరిగిన రాయిని పారేయలేదు. ముక్కు కురచ చేసి, మూతి వెడల్పు చేస్తే పిల్లి తలైంది. వరుసలో పక్షుల మధ్య ఒక మృగం రావడం ఇఫ్లీ సంప్రదాయానికి విరుద్ధమేమీ కాదు.

మే 24

ఐదో రాయి మీద పెన్సిలు గుర్తు కడిగినప్పుడు చెరిగిపోయింది, నేను చూసుకోలేదు. సగం తల పూర్తయ్యాక తడిపి చూస్తే పొరలు ముఖానికి సమాంతరంగా ఉన్నాయి. ఇలా పెడితే మంచుకాలంలో ముఖం పలకలు పలకలుగా ఊడుతుంది. పదకొండు గంటల పని పక్కన పెట్టి, కొత్త రాయి తెప్పించుకున్నాను. మామయ్యకు చెప్పలేదు.

జూన్ 14

కుడి మణికట్టు వాచింది కనుక రెండు వారాలు ఉలి ముట్టవద్దని డాక్టరు చెప్పారు. ఆ ఖాళీలో చర్చి లోపల ఎక్కువసేపు గడిపాను.

తలుపు తోసి లోపలికి వెళ్లగానే చల్లటి చీకటి. పెద్ద చతురస్రపు జ్ఞానస్నానపు తొట్టి, బెల్జియంలోని టూర్నే నుంచి సముద్రం దాటించి తెచ్చిన నల్లరాతిది. ముందుకు నడిస్తే గోపురం కింది రెండు కమానులు ఒకదాని వెనక ఒకటి, వంకీల అల్లికతో. వాటి అవతల పూజాగది పైకప్పు రెండు కాలాలది. మొదటి భాగం 12వ శతాబ్దపుది, బరువైన రాతి పక్కటెముకలు, వాటి మీద కూడా వంకీలే. దాని తర్వాత 1230ల ప్రాంతంలో పొడిగించిన భాగం వస్తుంది. అక్కడ పక్కటెముకలు సన్నబడ్డాయి, కిటికీలు పొడుగై కొసదేలాయి, వెలుతురు పెరిగింది. ముక్కులు, వంకీలు, రాశులు ఒక్కసారిగా ఆగిపోయాయి. డెబ్బై ఏళ్లలో ఒక ఊరి అభిరుచి ఎంత మారగలదో చూడాలంటే ఆ రెండు కప్పుల మధ్య నిలబడి తల ఎత్తితే చాలు. చెక్కడం మీద పెట్టిన శ్రద్ధంతా ఆ తర్వాత గీత మీదికి, కోణం మీదికి మళ్లింది. నా మనసు పాత సగంలోనే ఉంటుంది, కానీ కొత్త సగంలో కూర్చుంటే హాయిగా ఉంటుంది.

ఆ పొడిగింపు కాలంలోనే అనోరా అనే స్త్రీ ఈ చర్చి గోడకు ఆనుకుని ఉన్న చిన్న గదిలో ఏకాంతవాసం చేసింది. అలాంటి వ్రతం పట్టినవారు ఒకసారి గదిలోకి వెళితే బతికినంతకాలం బయటికి రారు. ఆమె గొప్పింటి ఆడపడుచు, విలియం డి బ్రయోజ్ కూతురు. ఆమె తండ్రి మీద ఇంగ్లండు రాజు జాన్ ఆగ్రహించాడు, తల్లినీ అన్ననూ 1210లో రాజు చెరలో ఆకలితో చంపారు. భర్త పోయాక అనోరా ఇఫ్లీకి చేరి 1232 నుంచి 1241 వరకు ఇక్కడ గడిపింది. జాన్ కొడుకు మూడవ హెన్రీ ఆమెకు వంటచెరకు, ధాన్యం, వస్త్రాలు పంపించినట్టు రాజపత్రాల్లో నమోదై ఉంది. తండ్రి చేసిన పనికి కొడుకు కట్టెలు పంపించాడు. పూజాగది దక్షిణపు గోడ బయట మూసేసిన కమాను ఆనవాలు ఒకటి ఉంది, ఆమె గదికి సంబంధించినదని చెబుతారు. నేను దాన్ని చూస్తే మూసిన రాళ్ల అతుకులే లెక్కపెట్టాను. ఈ మధ్య అలవాటు అలా పాడైంది.

మధ్యశాలలో ఆంగ్ల చిత్రకారుడు జాన్ పైపర్ రూపకల్పన చేసిన రంగుల గాజు కిటికీ 1995 నుంచి ఉంది. చెట్టు మీదా చుట్టూ జంతువులు చేరి, క్రీస్తు పుట్టుకను తమతమ కూతల్లో లాటిన్‌లో చాటుతుంటాయి. కోడి క్రీస్తు పుట్టాడంటుంది, బాతు ఎప్పుడు ఎప్పుడు అని అడుగుతుంది, కాకి ఈ రాత్రే అంటుంది, గుడ్లగూబ ఎక్కడ ఎక్కడ అంటే, గొర్రెపిల్ల బెత్లెహేమ్ అని జవాబు చెబుతుంది. లాటిన్ మాటలు నిజంగా ఆ జీవాల కూతల్లాగే పలుకుతాయి. బయట నోరు మూసుకుని కడ్డీ కొరికే పక్షులు, లోపల నోరు తెరిచి మాట్లాడే పక్షులు.

దక్షిణ ద్వారం గురించి ఒక్క మాట. సింహాన్ని లొంగదీసే బైబిలు వీరుడు సంసోను, పోరాడుతున్న గుర్రపు రౌతులు ఇప్పటికీ గీత గీతగా కనిపిస్తారు. 19వ శతాబ్దం మొదట్లో తీసేసేదాకా ఆ ద్వారానికి ముందు చిన్న మండపం ఉండేది, వాన తగలలేదు. పడమటి ద్వారం ఎంత అరిగిందో తెలుసుకోవాలంటే ఈ పక్కకు రావాలి.

జూలై 13

మణికట్టు కుదుటపడింది. ఆరో రాయి 22 గంటల్లో, ఏడోది 19 గంటల్లో పూర్తయ్యాయి. మొదటిదానికి 33 పట్టింది. చేయి తిరగడం ఒక కారణం. ఇంకో కారణం, ఇప్పుడు బొమ్మ చూసి చెక్కడం మానేశాను. నుదురు, రెండు కళ్లు, ముక్కు దూలం, ఇవి నాలుగు సమతలాలుగా కనబడుతున్నాయి. వాటిని దించాక పక్షి ఏదో అదే తేల్చుకుంటుంది. ఇఫ్లీ తలల్లో తేడాలు మేస్త్రీ ఆజ్ఞాపించినవి కావేమో, ఒక్కొక్కరి చేయి తిరిగిన తీరు మాత్రమేనేమో అని నా అనుమానం.

ఆగస్టు 10

ఒక చిక్కు వచ్చింది. సున్నం పని చలికాలానికి బాగా ముందే ముగియాలి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, ఆలోగా మంచు పట్టితే తడి గడ్డకట్టి పొడి పొడిగా రాలిపోతుంది. రెండు రాళ్లు ఇంకా చదును చేసిన దిమ్మలుగానే ఉన్నాయి. ఆలోచించి, వాటిని రెండు కొసల్లో అన్నిటికన్నా కింద పెట్టి, నేల దగ్గరగా ఉన్నాయి కనుక తర్వాత అక్కడే కూర్చుని చెక్కవచ్చని నిర్ణయించాను.

కమాను లోపలి వంపుకు సరిపోయేటట్టు ప్లైవుడ్‌తో అర్ధవృత్తపు చట్రం చేసి, దాన్ని రెండు జతల చెక్క చీలల, అంటే ఒక కొస సన్నగా ఉండే చెక్కముక్కల, మీద నిలబెట్టాను. తర్వాత తీయవలసి వచ్చినప్పుడు చీలలు వదులు చేస్తే చట్రం దానంతటది దిగుతుంది. ఒక వంతు నానబెట్టిన సున్నానికి రెండు వంతులు జల్లించిన రాతిపొడి కలిపాను. మన దగ్గర గానుగలో తిప్పి బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపే పద్ధతి గుర్తొచ్చింది. ఇక్కడ తొట్టెలో కర్రతో పిసకడమే. రెండు వైపుల నుంచీ ఒక్కో రాయి చొప్పున పైకి వచ్చి, చివరికి నడుమ రాయి దించాను. పిల్లిమూతి రాయి శిఖరానికి ఒక పక్కన కూర్చుంది.

అతుకులు 4 మిల్లీమీటర్లు వచ్చాయి. 12వ శతాబ్దపు చరిత్రకారుడు మామ్స్‌బరీ విలియం సాలిస్బరీ బిషప్ రోజర్ కట్టించిన భవనాలను పొగుడుతూ, అతుకు కంటికి ఆనక గోడంతా ఒకే రాయి అనిపిస్తుందని రాశాడు. నా కమాను చూసి ఆయన ఏమీ రాయడు.

సెప్టెంబరు 6

నాలుగు వారాలు తడి గోనెపట్టా కప్పి ఉంచాక, ఈ ఉదయం చీలలు వదులు చేశాను. నాలుగు చీలలనూ ఒక్కో దెబ్బ చొప్పున వంతులవారీగా కొట్టాను. చట్రం ఒక మిల్లీమీటరు దిగింది, రాళ్లకూ ప్లైవుడ్‌కూ మధ్య వెలుతురు గీత పడింది. నడుమ రాయి దగ్గర అతుకు కింది వైపు వెంట్రుకవాసి తెరుచుకుని ఆగింది. చట్రాన్ని పక్కకు లాగేశాను. కమాను నిలబడింది. మధ్యాహ్నానికి పక్కింటి పిల్లి దాని కింద నుంచి రెండుసార్లు వెళ్లింది.

సెప్టెంబరు 27

కింది రాళ్లలో ఎడమదాన్ని కూర్చుని చెక్కుదామని ప్రయత్నించాను. నేలకు అడుగు ఎత్తు కూడా లేదు, పక్కకు ఒరిగి పడుకోవలసి వచ్చింది. ఉలి సరైన కోణంలో పట్టుకుంటే కొడతి వెనక్కు పోవడానికి చోటు లేదు. కొడతికి చోటిస్తే పై రాయి పక్షి ముక్కు నా వేలి కణుపులకు తగులుతోంది. దెబ్బ దెబ్బకూ ఇంకా పూర్తిగా గట్టిపడని సున్నం అతుకుల్లో అదురుతున్నది చేతికి తెలుస్తోంది. ఇరవై నిమిషాల్లో ఒక కన్ను గాడి పడింది, రెండు వేళ్ల చర్మం లేచింది. ఇంగ్లండు మేస్త్రీలు బల్ల మీద ముందే చెక్కి పైకి ఎక్కించింది ఎందుకో ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

ఆ ఒంటికన్నుతోనే దాన్ని వదిలేసి, కమాను మొత్తానికి గోనెపట్టా రెండు మడతలు కప్పి తాడు కట్టాను. మార్చిలో సున్నం గట్టిపడ్డాక, పొట్టి పిడి కొడతి ఒకటి చేయించుకుని మళ్లీ కూర్చుంటాను.